పాకం దగ్గర మాట

మేడం వచ్చేలోపల చేయాల్సిన పనులు:

రాతి బల్ల అంచుల్లో గట్టిపడ్డ చక్కెర గీకడం. కొక్కేన్ని నిమ్మచెక్కతో తోమడం. కిటికీకి దోమల జాలి కొట్టించడం. కారే కుళాయికి వాషరు మార్చడం. అందరి తలలకీ టోపీలు తేవడం. రంగు వెలిసిన పాత డబ్బాలు తీసేసి ఒకే రకం డబ్బాలు కొనడం. గోదాములో కాపురం పెట్టిన పిల్లిని, దాని సంతానంతో సహా, పక్క వడ్రంగి కొట్టుకి తరలించడం. బాబాయి చేత చొక్కా వేయించడం. నాన్న ఎక్కువ మాట్లాడకుండా చూడటం. నానమ్మ అసలు మాట్లాడకుండా చూడటం.

ఇదంతా పాత క్యాలెండరు కాగితం వెనక రాసి గోడకు అంటించాను. నానమ్మకు చదువు రాదు కానీ మనుషుల మొహాలు బాగా చదువుతుంది.

“ఆ చివరి వరస చూసి మీ బాబాయి ఎందుకు నవ్వుతున్నాడే?”

“గడప కడగాలని రాశాను నానమ్మా.”

“గడపకి అంత నవ్వేంటి? ముందు వాడి మొహం కడుక్కోమను.”

మాది చక్కెర బిళ్ళల కార్ఖానా. కార్ఖానా అని బోర్డు మీద ఉంటుంది గానీ, నిజానికి ఒక పొడుగాటి గది, వెనకాల చిన్న గోదాము, ముందు ఇద్దరు నిలబడితే మూడో మనిషి వీధిలో ఉండాల్సిన అమ్మకాల గది. నానమ్మ వయసులో ఉన్నప్పుడు ఎవరిదో మిఠాయి కార్ఖానాలో కూలికి పని చేసేది. తర్వాత సొంతంగా ఒక పొయ్యి, ఒక బాణలి పెట్టుకుంది. మా అమ్మ కోడలిగా వచ్చాక గరిటె అమ్మ చేతికి ఇచ్చి, తను కాగితాలు చుట్టే పీట మీదికి మారింది. అమ్మ పాకం కాస్తుంది. పాకం రాతి బల్ల మీద పోసి కాస్త చల్లారాక, బాబాయి ఆ ముద్దను గోడకున్న ఇనప కొక్కేనికి వేసి లాగుతాడు. లాగి, మడిచి, మళ్ళీ లాగుతుంటే అద్దంలా ఉన్న ముద్ద పాలలా తెల్లబడుతుంది. అప్పుడే బిళ్ళ నోట్లో వేయగానే కరుగుతుంది. నాన్న స్కూటరు మీద కొట్లకు తిప్పి అమ్ముతాడు. ఆయన నోట్లో నువ్వుగింజ నానదు కాబట్టి ఆ పని ఆయనకు బాగా కుదిరింది. మా ఇంట్లో డిగ్రీ దాకా చదివింది నేనే. అందుకని కాగితాల పనులు నావి. బాబాయి నన్ను పేరుతో పిలవడం మానేసి “డిగ్రీ” అంటాడు.

మా కార్ఖానాలో ఒక కట్టుబాటు ఉంది. పాకం పొయ్యి ఎక్కింది మొదలు బాణలి ఖాళీ అయ్యేదాకా గరిటె పట్టిన మనిషితో ఎవరూ మాట్లాడకూడదు. పిలవకూడదు, అరవకూడదు, దగ్గకూడదు. నానమ్మ కూలికి చేసే రోజుల్లో ఎవరో వెనక నుంచి పిలిస్తే ఆవిడ తిరిగి చూసింది. బాణలి ఒరిగింది. ముదురు పాకం నీళ్ళలాగా జారిపోదు, పడ్డచోట అతుక్కుని లోపలికి దిగుతుంది. ఆవిడ కుడి ముంజేయి మణికట్టు నుంచి మోచేతి దాకా ముడతలు పడి, నలిపి సాపు చేసిన కాగితంలా ఉండేది. తన సొంత పొయ్యి వెలిగించిన రోజే ఆ నియమం పెట్టింది.

దాంతో మా ఇంట్లో ఏ కబురైనా పాకం దిగాకే చెప్పేవాళ్ళు. నేను పరీక్ష పాసైన సంగతి కూడా గుమ్మం దగ్గర నిలబడి, బాణలి ఖాళీ అయ్యేదాకా మింగలేక కక్కలేక ఆగి, అప్పుడు చెప్పాను. అమ్మా నాన్నా పోట్లాడుకుంటూ ఉంటే అమ్మ గభాలున వెళ్ళి పొయ్యి వెలిగించేది. నాన్నకు నోరు మూసుకోక తప్పేది కాదు. “ఇది అన్యాయం,” అని నా దగ్గర గొణిగేవాడు.

ఆ ఏడాది మాకు ఏదీ కలిసిరాలేదు. వానలు పట్టి గాలంతా తడిసిపోయింది. కొట్లకు వెళ్ళిన బిళ్ళలు సీసాల్లోనే చెమర్చి, కాగితాలకు అతుక్కుపోయాయి. కొట్లవాళ్ళు అడగకముందే వెళ్ళి వెనక్కి తెచ్చేయమంది నానమ్మ. నాన్న సంచులు సంచులుగా తెచ్చాడు. మళ్ళీ కాచి వాడుకుందామని ఆయన అంటే, “ఇంకోడి సీసాలోంచి వచ్చింది మన బాణలిలోకి పోదు,” అంది. అంత సరుకూ పారబోశాం. ఆ లోపల యంత్రాల మీద చేసి, యంత్రాల మీదే చుట్టిన బిళ్ళలు కొట్లలో మా సీసాల చోటు ఆక్రమించాయి. బాబాయికి ఇద్దరు చిన్నపిల్లలు. పెద్ద బిస్కెట్ల ఫ్యాక్టరీలో తనకు ఉద్యోగం ఖాయమైందని, ఒకటో తారీఖున చేరమన్నారని ఒకరోజు చెప్పాడు. పాకం దిగాకే చెప్పాడు.

కొక్కెం దగ్గర బాబాయి లేకపోతే మా కార్ఖానా లేదు. నాన్నకు నడుం నొప్పి, అమ్మ పొయ్యి వదలలేదు, బయటి మనిషిని పెట్టుకునే స్తోమత లేదు.

ఊళ్ళూళ్ళా కొట్లున్న ఒక పెద్ద సంస్థకు నేను అంతకుముందే దరఖాస్తు పెట్టాను. చేత్తో లాగిన బిళ్ళలు కావాలని వాళ్ళు వెతుకుతున్నారు. సరుకు నచ్చింది, చేసే చోటు చూడటానికి మా తనిఖీ మేడం వస్తుంది అని జవాబొచ్చింది.

“ఆర్డరు వస్తే ఎక్కడికీ పోను,” అన్నాడు బాబాయి. “రాకపోతే మాత్రం నన్ను ఆపకండి.”

అందుకే ఆ జాబితా.

మేడం సన్నగా, చేతిలో ఫైలుతో, శబ్దం రాని చెప్పులతో వచ్చింది. నాన్న గుమ్మం దగ్గరే, “పాకం పొయ్యి మీదుందండీ, అది దిగేదాకా మాట్లాడకూడదు, మా అమ్మ పెట్టిన రూలండీ,” అని మాట్లాడకూడదనే సంగతే వీధి చివరిదాకా వినపడేట్టు చెప్పాడు. ఆవిడ తల ఊపి, టోపీ పెట్టుకుని, గోడవారగా నిలబడింది. ముచ్చటేసింది నాకు. జాలి కొట్టించాం, కుళాయి కారడం లేదు, బాబాయి ఒంటి మీద చొక్కా ఉంది, గుండీలతో సహా.

అమ్మ చన్నీళ్ళ గిన్నెలో ఒక పాకం చుక్క వేసి చూసింది. అది గాజుముక్కలా టక్కుమంది. బాణలి దించింది. దించాక, చూపు పాకం మీద నుంచి తీయకుండా, ఎడం చెయ్యి అలమర వైపు చాపింది. అక్కడ మొదటి డబ్బాలో పులుపుకి వేసే నిమ్మ ఉప్పు ఉంటుంది. ఏళ్ళ తరబడి అక్కడే ఉంది. ఆ చేతికి కళ్ళతో పని లేదు.

కానీ ఆ ఉదయమే నాన్న కొత్త డబ్బాలు తెచ్చి, సామానంతా వాటిలో పోసి, పొడుగు ప్రకారం వరసగా పేర్చాడు. మొదటి డబ్బాలో ఇప్పుడు బల్ల కడగడానికి వాడే వంట సోడా ఉంది.

నేను చూశాను. నోరు తెరిచాను. గొంతులోంచి మాట రాలేదు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి పాకం దగ్గర మాట్లాడని గొంతు అది. కొక్కెం దగ్గరున్న బాబాయి కూడా చూశాడు. చెయ్యి సగం పైకి లేపి అలాగే ఆగిపోయాడు. నానమ్మ పీట మీంచి లేచి నిలబడింది. నిలబడింది, అంతే.

అమ్మ గుప్పెడు తీసి చల్లింది.

పాకం ఒక్కసారి ఊపిరి పీల్చుకున్నట్టు ఉబ్బింది. పచ్చగా, తర్వాత గోధుమ రంగులో నురగ బాణలి అంచుల దాకా పొంగింది. అమ్మ ఒక అడుగు వెనక్కి వేసింది గానీ పట్టు వదల్లేదు. రెండు చెవులూ గట్టిగా పట్టుకుని మొత్తం బల్ల మీదికి వంచేసింది. అది అక్కడ కూడా కాసేపు బుసబుసలాడి, పరుపులా పరుచుకుని, గట్టిపడింది.

బాణలి ఖాళీ అయింది. ఇక మాట్లాడొచ్చు.

“ఇదండీ మా కొత్త సరుకు!” అన్నాడు నాన్న. “నురగ బిళ్ళండీ. మీ కోసమే ప్రత్యేకంగా...”

“నోర్మూసుకోరా,” అంది నానమ్మ. “తప్పు పడిందమ్మా. నిమ్మ ఉప్పు బదులు సోడా పడింది. ఇది అమ్మే సరుకు కాదు.”

మేడం ఒక ముక్క విరిచి నాలిక మీద పెట్టుకుంది. “సబ్బులా ఉంది,” అని చేతిరుమాలులోకి ఉమ్మేసింది.

“పొడుగు ప్రకారం పెడితే చూడ్డానికి బాగుంటుందని...” నాన్న గొణిగాడు.

“పొడుగు ప్రకారం నిలబెట్టడానికి అదేమన్నా పెళ్ళి ఫొటోనా?” అంది అమ్మ.

మేడం వాళ్ళ గొడవ పట్టించుకోలేదు. “డబ్బా మారిందని ఎవరెవరు చూశారు?” అని అడిగింది.

బాబాయి చెయ్యెత్తాడు. నేనెత్తాను. నానమ్మ కూడా, ఆ కాలిన చెయ్యే, ఎత్తింది.

“ముగ్గురు చూశారు. ఒక్కరూ ఆపలేదు.”

నానమ్మ మేడం దగ్గరికెళ్ళి ముంజేయి చూపించి, నియమం సంగతి చెప్పింది. మేడం ఆ చేతిని తన చేతిలోకి తీసుకుని శ్రద్ధగా చూసింది. చాలామంది ఆ చెయ్యి చూసి మొహం తిప్పుకుంటారు.

“మీ నియమం మంచిదే పెద్దమ్మా. ఇవాళ పడింది సోడా. అదే ఏ పురుగుల మందో అయితే? అప్పుడు కూడా ముగ్గురూ ఇలాగే చూస్తూ నిలబడేవాళ్ళా?”

నానమ్మ ఆ చెయ్యి కొంగులోకి లాక్కుంది. మేడం ఫైలు మూసింది.

“మీ సరుకు బాగుంటుంది. శుభ్రంగా ఉన్నారు. కానీ తప్పు జరుగుతుంటే ఆపే దారి లేని చోటు నుంచి పిల్లలు తినే వస్తువు నేను తీసుకోలేను. దారి వెతకండి. వచ్చే నెల మళ్ళీ వస్తాను.”

వచ్చే నెల అంటే ఒకటో తారీఖు దాటాక. బాబాయి చొక్కా విప్పి కొక్కేనికి తగిలించి బయటికి వెళ్ళిపోయాడు.

మర్నాడు పొద్దున్నే నానమ్మ అమ్మను పిలిచి, బాణలిలో ఒట్టి నీళ్ళు పోసి గరిటె పట్టుకోమంది. “పాకం అనుకో. అలాగే చూడు.” తను వెనక్కి వెళ్ళి, “అమ్మాయ్!” అంది. అమ్మ తిరిగింది. నీళ్ళు ఒలికాయి.

“తిరగొద్దన్నానా?”

“పిలిస్తే తిరగనా అత్తయ్యా? తిరక్కపోతే కోడలికి పొగరంటారు.”

నానమ్మ మెల్లగా పిలిచింది. చప్పట్లు కొట్టింది. దగ్గింది. గిన్నె మోగించింది. ప్రతిసారీ అమ్మ మెడ తిరిగేది, మెడతో పాటు భుజం, భుజంతో పాటు చెయ్యి. నేల తడిసి ముద్దయింది. నాన్న తొంగి చూసి, “చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టుంది మీ వ్యవహారం,” అన్నాడు.

“కాలిన చెయ్యి నాదిరా. ఆకులు ఎప్పుడు పట్టుకోవాలో నాకు తెలుసు. నువ్వు నేల తుడువు.”

“అత్తయ్యా, నా మెడ పట్టేసింది,” అంది అమ్మ.

అంతలో ఎదురుగోడ దగ్గర పనిముట్లు సర్దుతున్న బాబాయి చేతిలోంచి ముద్ద కోసే ఇనప బద్ద జారి కొక్కేనికి తగిలింది. ఠంగుమంది. అమ్మ ఉలిక్కిపడింది. కానీ తిరగలేదు. తల ఎత్తి ఎదురుగా చూసింది, అంతే. గరిటె ఉన్నచోటే ఉంది. నీళ్ళు ఒలకలేదు.

నానమ్మ నడుచుకుంటూ కొక్కెం దగ్గరికెళ్ళి, బద్ద తీసుకుని, తనే కొట్టింది. అమ్మ మళ్ళీ అలాగే చూసింది.

“వెనక నుంచి పిలిస్తే మెడ పోతుంది, మెడ వెంట చెయ్యి పోతుంది. ముందు నుంచి మోగితే కళ్ళు మాత్రమే అటు పోతాయి,” అంది. “నేనెంతసేపూ మాట వద్దన్నాను గానీ, మాట ఎటునుంచి వస్తోందో చూసుకోలేదు.”

అప్పటి నుంచి నియమం ఇది: పాకం దగ్గర మాట లేదు. తప్పు కనిపిస్తే, ఎవరైనా సరే, కొక్కెం మీద ఒక్క దెబ్బ. దెబ్బ వినపడితే గరిటె పట్టిన మనిషి చేస్తున్న పని అక్కడికక్కడ ఆపాలి. ఎందుకని అడగడం తర్వాత.

“కొక్కెం దగ్గర ఎప్పుడూ మనిషుండాలి మరి,” అన్నాను నేను. అనేశాక నాలిక కరుచుకున్నాను. బాబాయి తల వంచుకుని బద్దకున్న చక్కెర గోటితో గీక్కుంటున్నాడు.

ఒకటో తారీఖున ఆయన ఫ్యాక్టరీలో చేరాడు. నానమ్మ ఆపలేదు. “పిల్లలున్నవాడు పోవాల్సిందే,” అంది. సెలవు రోజు వచ్చి వీలైనంత లాగిపెట్టి పోయేవాడు. మిగతా రోజుల్లో నేనూ నాన్నా కలిసి లాగేవాళ్ళం. మా బిళ్ళలు కొన్ని లావుగా, కొన్ని సన్నగా, ఒక్కోటి ఒక్కో అవతారంలో ఉండేవి. “ఇవి బిళ్ళలా, గులకరాళ్ళా?” అని ఒక కొట్టాయన అడిగితే నాన్న మొదటిసారి ఎదురు మాట్లాడకుండా తిరిగొచ్చాడు.

నానమ్మ తన పీటను కొక్కెం కిందికి మార్పించుకుంది. మోకాళ్ళ నొప్పులతో అక్కడే కూర్చుని కాగితాలు చుట్టేది. ఒళ్ళో బద్ద. చూపు పొయ్యి మీద.

మేడం అన్నమాట ప్రకారం వచ్చింది. ఈసారి జాబితా లేదు. పిల్లి తన సంతానంతో గోదాములోకి తిరిగొచ్చేసింది, దాన్ని తరిమే ఓపిక కూడా లేకపోయింది. నాన్న ఆవిడకు నమస్కారం పెట్టి మాట్లాడకుండా తప్పుకున్నాడు. పాకం ముదురుతోంది. నాకు లోపల ఒకటే లెక్క తిరుగుతోంది: ఈ పాకం బాగా వస్తే, ఆవిడ సంతకం పెడితే, బాబాయి వెనక్కి వస్తాడు. ఇది పాడైతే బోర్డు దించుకోవడమే.

పాకం వచ్చింది. మంచి రంగు. అమ్మ గుడ్డలతో బాణలి చెవులు రెండూ పట్టుకుంది. లేపబోతోంది.

ఠంగ్!

నేను పీట వైపు చూశాను. నానమ్మ పీట మీద లేదు. ఆ నొప్పి మోకాళ్ళతోనే లేచి నిలబడి, రెండు చేతులతో బద్ద పట్టుకుని ఉంది. దెబ్బ ఎంత గట్టిగా కొట్టిందంటే, కొక్కెం ఇంకా అదురుతోంది.

అమ్మ తిరగలేదు. ఎందుకని అడగలేదు. బాణలిని కనీసం సర్దలేదు కూడా. వేలెడంత పైకి లేచినదాన్ని అలాగే పొయ్యి మీద దించి, చేతులు తీసేసింది.

ఎవరం కదల్లేదు. పాకం నల్లబడటం మొదలైంది. కాలిన చక్కెర వాసన గదంతా నిండింది. అప్పుడు అమ్మ పొయ్యి ఆర్పింది.

“ఏమైంది అత్తయ్యా?”

“ఎడమ చెవి చూడు. నువ్వు లేపగానే పక్కకు వంగింది.”

గుడ్డ తీసి చూస్తే, బాణలి చెవిని పట్టి ఉంచే రెండు మేకుల్లో ఒకటి ఊడిపోయి ఉంది. రెండోది సగం బయటికొచ్చింది. నేను వేలితో తాకగానే చెవి పక్కకు వాలిపోయింది. బాణలి లేపి రెండడుగులు వేసి ఉంటే, ఆ పాకం మొత్తం అమ్మ కాళ్ళ మీద ఉండేది.

అమ్మ నేల మీద కూర్చుండిపోయింది. నానమ్మ కూడా. అత్తాకోడళ్ళిద్దరూ చెరో గోడకు ఆనుకుని ఒకరినొకరు చూసుకున్నారు.

“మంచి పాకం. మాడిపోయింది,” అంది అమ్మ చివరికి.

“పాకం పోతే పాకం కాచుకుంటాం,” అంది నానమ్మ.

ఈసారి కూడా మేడం ముందు మేం ఒక్క మంచి బిళ్ళ చేసి చూపించలేకపోయాం. నాన్న మొహంలో ఆశ పోయింది. మేడం అదరడం ఆగిపోయిన కొక్కేన్ని చేత్తో తాకి చూసింది. “ఇది ఎవరైనా కొట్టొచ్చా?” అని నన్నడిగింది.

“నిన్న పనిలో చేరినవాళ్ళైనా కొట్టొచ్చు.”

“ఊరికే కొడితే? తప్పేం లేకుండా?”

నేను నానమ్మ వైపు చూశాను. మేం దాని గురించి ఆలోచించలేదు.

“కొట్టనీ,” అంది నానమ్మ కింద కూర్చునే. “ఒక బాణలి మాడుతుంది. తిడతాను. కానీ మళ్ళీ కొట్టొద్దని మాత్రం అనను.”

మేడం ఫైలు తెరిచి, నిలబడే రాసింది. పోతూ పోతూ, “బాణలి కొత్తది కొనండి,” అంది. “డబ్బాలు ఎలాగైనా పేర్చుకోండి.”

ఆర్డరు వారంలోనే వచ్చింది. నాన్న స్కూటరు మీద ఫ్యాక్టరీ గేటు దాకా వెళ్ళి, షిఫ్టు దిగే బాబాయి కోసం నిలబడ్డాడు. బాబాయి ఆ నెలాఖరుకి మానేసి వచ్చాడు. వచ్చిన రోజు చొక్కా విప్పుతూ, “అక్కడ ఎంతైనా మాట్లాడుకోవచ్చు డిగ్రీ,” అన్నాడు. “ఆ యంత్రాల మోతకి ఒక్క ముక్క వినపడదంతే.”

తర్వాత కూడా మాకు దెబ్బలు తగిలాయి. ఒక ఎండాకాలం చక్కెర దొరకలేదు, ఒకసారి గోదాము గోడ కూలింది. నిలబడ్డాం. ఇప్పుడు మూడు పొయ్యిలున్నాయి. ముద్ద లాగడానికి యంత్రం వచ్చింది, బాబాయి దాన్ని నడుపుతాడు, తిడుతూనే. అయినా ప్రతి పొయ్యికీ ఎదురుగా గోడకు ఒక ఇనప కొక్కెం, దాని పక్కన తాడుకు కట్టిన బద్ద ఉంటాయి. చూడటానికి వచ్చినవాళ్ళు అదేమిటని అడుగుతుంటారు. అది మోగి చాలాకాలం అయినప్పుడు అమ్మ తనే ఒకసారి మోగించి, అందరి చేతులూ ఆగాయో లేదో చూస్తుంది.

నానమ్మ లేదు. ఆవిడ పీట మొదటి కొక్కెం కిందే ఉంది, దాని మీద ఇప్పుడు అమ్మ కూర్చుని కాగితాలు చుడుతుంది. మా బిళ్ళ సీసా మీ వీధి కొట్లోనూ ఉండి ఉండొచ్చు. తెల్లగా, పాలలా ఉంటుంది, కాగితానికి రెండువైపులా మెలిక ఉంటుంది. ఎప్పుడైనా ఆ కాగితం విప్పితే, జీవితమంతా పాకం దగ్గర నోరెత్తొద్దని చెప్పి, ఆ వయసులో మోకాళ్ళ నొప్పులతో లేచి నిలబడి కొక్కేన్ని మోగించిన మా నానమ్మను ఒక్కసారి తలుచుకోండి.